ఏడు బారలు

చిలోయే దీవుల నడుమ తిరిగే వైద్యపు పడవ మాది.
నర్సు జ్వరంతో కాస్ట్రో రేవులోనే దిగిపోయింది.
అంకెలు రాసుకోవడానికి మనిషి లేక
సారంగు ఎవారిస్తోని కూర్చోబెట్టాను,
చేతికి పెన్నిచ్చి.

ఒతీలియా నోరు తెరిచింది.
నలభై ఏళ్లుగా ఉన్ని దారం పంటితోనే తెంపిన నోరు.
కింది వరసలో ఒక పన్ను
నాలుక తాకితే చాలు, కదులుతోంది.
"నొప్పి లేదు డాక్టరమ్మా,
నొప్పి లేనిది జబ్బెలా అవుతుంది?"

నా చేతిలో సన్నటి ఉక్కు పుల్ల,
ఒంటి మీద నల్లటి గీతలు.
పంటికీ చిగురుకీ మధ్య మెల్లిగా దించి
ఎక్కడ ఆగితే అక్కడ చదవాలి.

రెండు.
మూడు.
మూడు.
ఐదు, నెత్తురు.
ఆరు, నెత్తురు.
ఏడు.

ఎవారిస్తో పెన్ను ఆగింది.
పొగమంచులో వాళ్ల నాన్న
సీసపు గుండు కట్టిన తాడు వదిలి
ఇలాగే లోతు అరిచేవాడట.
ఏడు బారలంటే పడవలో అందరూ ఊపిరి పీల్చుకునేవాళ్లట.
"ఏడు మంచిదేగా?"
నీళ్లలో మంచిది, అన్నాను.
ఇవి బారలు కావు, మిల్లీమీటర్లు.
ఇక్కడ మూడు దాటితే
పంటి కింద నేల జారుతున్నట్టే.

తోమని పంటి మీద పాచి.
పాచి గట్టిపడితే గార.
గార కిందికి దిగితే చిగురు వాస్తుంది,
పంటిని వదిలి వెనక్కి జరుగుతుంది,
దాని వెనకే ఎముక.
చప్పుడు చెయ్యదు కరిగేటప్పుడు.
"పడవ అడుగున చెక్క తినే పురుగు కూడా అంతే,"
అన్నాడు ఎవారిస్తో,
"పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది."

ఆమెకి చక్కెర జబ్బు కూడా ఉంది.
అవి రెండూ ఒకదానికొకటి మేత వేసుకుంటాయి.

మత్తు సూది. ఆ తర్వాత రెండు గంటలు
చిగురు కింద గీకుడు.
పడవ ఒరిగినప్పుడల్లా చెయ్యెత్తి ఆగడం,
అల దాటాక మళ్లీ.
ట్రేలో గోధుమరంగు నూకలు రాలాయి,
ఆమె వాటిని వేలితో కదిపి చూసింది,
తనవి కావన్నట్టు.

నెత్తురొస్తోందని తోమడం మానేశాననింది.
"పుండుని ఎవరైనా రుద్దుతారా?"
మానేసినందుకే నెత్తురు, ఒతీలియా.
మెత్తటి బ్రష్షు, చిగురు అంచుకి వాల్చి,
గిన్నె తోమినట్టు కాదు,
గొర్రెపిల్ల చెవి నిమిరినట్టు.
పొయ్యి మీద కెటిలు కూత పెట్టేంతసేపు.
రాత్రి అసలే తప్పకూడదు.
ఇక దారం సంగతి
నీకు నేను చెప్పాలా?
ఈసారి తెంపడానికి కాదు,
పళ్ల సందుల్లో నడపడానికి.

నీ పెరట్లో ఆపిల్ కొమ్మ నరికితే
సెప్టెంబరుకి చిగురేస్తుంది.
నోటి చిగురు ఆ జాతి కాదు.
పోయింది రాదు.
ఉన్నది మాత్రం నిలుస్తుంది,
నువ్వు నిలబెడితే.

"నాకు చుక్క నెత్తురు రాదు," అన్నాడు ఎవారిస్తో,
రొమ్ము విరిచి, సిగరెట్టు వెలిగించబోతూ.
సిగరెట్టు నెత్తురుని దాచిపెడుతుంది, అన్నాను,
కూర్చో.

మొద్దుబారిన పెదవితోనే
పెన్ను ఒతీలియా అందుకుంది.
నాలుగు. ఐదు. ఆరు. ఆరు.
గుండ్రటి అక్షరాలతో, కాస్త సంతోషంగానే
రాసింది అతని లోతులన్నీ.
అతను ఏ అంకె మంచిదని అడగలేదు.
సిగరెట్టు పెట్టె సముద్రంలోకి విసరనూ లేదు,
జేబులో పెట్టుకున్నాడు.

మూడు నెలలకి మళ్లీ వచ్చాం.
కదిలే పన్ను దక్కలేదు, తీసేశాను.
ఏడున్న ఇంకోచోట నాలుగుంది.
నెత్తురు రెండే చోట్ల.
ఒతీలియా మెడలో తాడుకి
కత్తెర వేలాడుతోంది.
అతనిది ఒక్క గీత కూడా తగ్గలేదు,
పెట్టె మాత్రం సగానికి వచ్చిందట, అతని మాట.

తిరుగుదారిలో పొగమంచు.
ఇంజను నెమ్మదించి
తెర మీద లోతు చదువుతున్నాడు:
ఏడు, ఐదు, మూడు.
ఆగి, నావైపు తిరిగాడు.
"ఏది మంచిదో డాక్టరమ్మా,
ఇప్పుడు ప్రతిసారీ
ఒక్క క్షణం తడుముకోవాల్సి వస్తోంది."